తాజా ధర

2026 జనవరి 22, గురువారం. ఉదయం 11 గంటల 20 నిమిషాలకు ధర రావడం ఆగిపోయింది. సాయంత్రం 5 గంటల 42 నిమిషాలకు మళ్లీ వచ్చింది. మధ్యలో గడిచిన ఆరు గంటల ఇరవై రెండు నిమిషాల్లో 611 మంది ఒక క్రిప్టో కాయిన్ ధరను తెలుగులో అడిగారు. 611 మందికీ ఒకే జవాబు వెళ్లింది. తాజా ధర 118 రూపాయలు.

ఆ వాక్యం రాసిన నూరీన్ ఆ సమయంలో కరీంనగర్ కార్ఖానగడ్డలో, తను అద్దెకుంటున్న మేడ మీది గదిలో ఉంది. ఒంటి గంటకు అన్నం తిన్నది. రెండింటికి మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆమె రోజూ చదివేది ముందు రోజు జవాబులు. గురువారం ఆమె ముందున్నవి బుధవారం నాటివి. కాబట్టి లైన్ ఆగిన సంగతి ఆమెకు తెలియలేదు.

లైన్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పుకోవాలి. నూరీన్ పనిచేసే కంపెనీలో ఆరుగురే. ఫోన్‌లో నోటితో అడిగితే క్రిప్టో ధరలు నోటితోనే చెప్పే ఏఐ అసిస్టెంట్‌ను ఆ కంపెనీ నడుపుతుంది. అసిస్టెంట్‌కు మాట్లాడటం వచ్చు. ఈ రోజు ధర దానికి తెలియదు. ధర ఇంకో చోట, మార్కెట్ సమాచారం అమ్మే సంస్థ దగ్గర ఉంటుంది. రెండింటి మధ్య లైన్ వేస్తారు. ఎవరైనా అడగగానే అసిస్టెంట్ ఆ లైన్ మీద వెళ్లి అంకె తెచ్చుకుంటుంది. అంకెతో పాటు అది ఎన్ని గంటల నాటిదో కూడా వస్తుంది. దాన్ని అడిగినవాళ్ల భాషలో ఒక వాక్యంలో పెట్టి చెబుతుంది. లైన్ ఆగిపోతే చివరిసారి తెచ్చుకున్న అంకెనే చెబుతుంది. లైన్ వేసింది కంపెనీ పెట్టిన ముకర్రం. తెలుగు వాక్యాలు రాసింది నూరీన్.

నూరీన్‌కు ముప్పై ఎనిమిదేళ్లు. తెలుగులో ఎమ్మే చేసి, తొమ్మిదేళ్లు కరీంనగర్‌లో ఒక దినపత్రిక డెస్కు మీద పనిచేసింది. జిల్లా పేజీలు తగ్గించినప్పుడు ఆమె ఉద్యోగం పోయింది. ఖులా తీసుకుని భర్త నుంచి విడిపోయి ఐదేళ్లయింది. తల్లి బిస్మిల్లా బీ, తమ్ముడు మోయిజ్ వేములవాడలో ఉంటారు. కంపెనీ పని ఇంటి నుంచే. ముకర్రం మెసేజ్ పెడతాడు, ఆమె జవాబు పెడుతుంది. కింది వాటాలో ఉండేవాళ్లు ఊరెళ్లిన వారాల్లో ఆమె నోటి నుంచి మాట రాకుండానే రెండు మూడు రోజులు గడిచిపోయేవి.

అడిగేవాళ్ల పేర్లు ఆమెకు కనిపించవు. నంబర్లే కనిపిస్తాయి. 2207 అనే నంబరు మే నెల నుంచి ఉంది. ఒక వారం మధ్యాహ్నం మూడున్నరకు, ఒక వారం రాత్రి పదకొండున్నరకు, ఒక వారం పొద్దున ఏడున్నరకు అడుగుతాడు. బొగ్గుగనిలో మూడు షిఫ్టులు ముగిసే టైంలు అవి. గని మనిషని ఆమె మొదటి నెలలోనే గుర్తుపట్టింది.

అతను ధర ఒక్కటే అడగడు. "పైకొచ్చిన. ఇగ జెప్పు" అంటాడు. ధర విన్నాక "సరే మరి, కూర అండుకోవాలె, ఉంట" అంటాడు. ఒకనాడు "ఇయ్యాల మోటరు కాలింది, ఎనిమిది గంటలు నీళ్ల మొఖమే చూసిన" అన్నాడు. దసరా నాడు "నీకు పండుగకు సుట్టీ లేదా? చేతిల జమ్మి ఆకు పెట్టేటోళ్లు ఎవరన్న ఉన్నరా నీకు?" అని అడిగాడు.

అసిస్టెంట్ ప్రతిసారీ ఒకటే చెప్పింది. "నేను ధరలు, మార్కెట్ సమాచారం మాత్రమే చెప్పగలను. ఇంకేదైనా ధర తెలుసుకోవాలనుకుంటున్నారా?" ఆ వాక్యం కూడా నూరీన్ రాసిందే.

కొన్నిసార్లు ఆమె తెర ముందు కూర్చుని అతనికి పైకే జవాబు చెప్పేది. "ఏం కూర?" అని అడిగేది. గదిలో ఇంకెవరూ ఉండరు కాబట్టి ఎవరికీ వినపడేది కాదు.

శుక్రవారం పొద్దున పదింటికి ఆమె గురువారం జవాబులు తెరిచింది. 118, 118, 118 అని కిందిదాకా ఉంది. 2207 దగ్గర ఆగింది.

మధ్యాహ్నం 3.26. "పైకొచ్చిన. ఇగ జెప్పు. నూట పది కిందికొస్తే ఇయ్యాల్నే అమ్మేస్త."

"తాజా ధర 118 రూపాయలు."

3.27. "పక్కానా? తాజానేనా?"

"అవును. ఇది అందుబాటులో ఉన్న తాజా ధర."

3.27. "అయితే ఫికర్ లేదు. ఆదివారం దాకా ఉండనియ్. పండుకుంట ఇగ."

ఆ తర్వాతివి శుక్రవారం నాటివి. మామూలుగా ఆమె వాటిని శనివారం చదవాలి. అప్పుడే తెరిచింది.

పొద్దున 6.10కి అతను మళ్లీ ధర అడిగాడు. 64 అని జవాబు వచ్చింది.

"నిన్న నూట పద్దెనిమిది అంటివి గదా."

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను. తాజా ధర 64 రూపాయలు."

6.14. "రెండుసార్లు అడిగిన నేను."

6.15. "తాజా అన్నవ్."

6.31. "నెలాఖరుకు క్వార్టర్ ఇచ్చెయ్యాలె. ఎటు పోవాలె ఇగ?"

"నేను ధరలు, మార్కెట్ సమాచారం మాత్రమే చెప్పగలను. ఇంకేదైనా ధర తెలుసుకోవాలనుకుంటున్నారా?"

నూరీన్ మార్కెట్ రికార్డు తీసి చూసింది. గురువారం మధ్యాహ్నం 3.26కి ఆ కాయిన్ అసలు ధర 109 రూపాయలు. అతను పెట్టుకున్న హద్దుకు ఒక రూపాయి కింద. నిజం చెప్పి ఉంటే ఆ నిమిషంలో అమ్మేసేవాడు. లైన్ తిరిగొచ్చిన 5.42కి ధర 71. అతను అప్పుడు నిద్రలో ఉన్నాడు.

అసలు తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకు గంటలో తేలింది. మార్కెట్ సంస్థ పంపే అంకె మీద ఇంగ్లిష్‌లో 'లాస్ట్ ప్రైస్' అని ఉంటుంది. మార్కెట్ భాషలో అది ఇప్పుడే జరిగిన అమ్మకం ధర. నూరీన్ దాన్ని 'తాజా ధర' అని రాసింది. పత్రికలో ఉన్న తొమ్మిదేళ్లూ ఆమె 'తాజా సమాచారం' అనే మాటను రోజుకు పదిసార్లు రాసింది. చివరగా అందిన వార్తకు డెస్కు మీద ఆ మాటే వాడతారు. లైన్ నడిచినంతకాలం అది సరైన మాట. లైన్ ఆగినప్పుడు 'లాస్ట్' అంటే ఆఖరిది, ఆ తర్వాత రానిది. తెలుగు వాక్యం మాత్రం దాన్నే తాజా అంటూ పోయింది.

రెండో సంగతి సమయానిది. మొదట్లో తెలుగు వాక్యంలో సమయం ఉండేది. అది విదేశీ గడియారం లెక్కలో వచ్చేది. మన ఉదయం 11.20 అక్కడ 5.50. "పొద్దున అయిదింటి ధర ఇప్పుడు చెబుతున్నారేంటి?" అని జనం అడిగారు. మన సమయానికి మార్చమని నూరీన్ రెండుసార్లు ముకర్రంకు రాసింది. అతనికి తీరలేదు. అక్టోబర్‌లో ఆమె సమయాన్నే తీసేసింది. ఇంగ్లిష్‌లో సమయం ఉంది. హిందీలో 'ఆఖిరీ' అని ఉంది. తెలుగులో రెండూ లేవు.

మధ్యాహ్నం నమాజు తర్వాత ఆమె ఆఫీసుకు వెళ్లింది. ముకర్రం ఆమెకంటే తొమ్మిదేళ్లు చిన్న. ఆపా అని పిలుస్తాడు.

"ఆపా! మీరు ఆఫీసుకొచ్చిండ్రంటే ఇయ్యాల వాన గ్యారంటీ" అన్నాడు. "చాయ్ తాగుతరా?"

"నిన్న లైన్ ఆగింది ముకర్రం."

"తెలుసు. వాళ్ల దిక్కు ప్రాబ్లం. మన తప్పు కాదది."

"ఆగుడు మన తప్పు కాదు. ఆగినంక తాజా అన్నది నా తప్పు."

2207 అడిగినవి, వెళ్లిన జవాబులు, అసలు ధరలు రాసి ఆమె తెచ్చిన కాగితాన్ని ముకర్రం చదివాడు. రెండోసారి కూడా చదివాడు.

"సెంటెన్స్ మార్చుండ్రి. ఇయ్యాల్నే మార్చుండ్రి. టైం సంగతి నేను చేస్త, నా బాకీ అది. సరేనా?"

"మరి నిన్న విన్నోళ్లకు?"

"వాళ్లకేంది?"

"తప్పు చెప్పినమని చెప్పాలె గదా."

"ఎవరన్న కంప్లైంట్ ఇచ్చిండ్రా? ఇంగ్లిష్‌ల మూడొచ్చినయి. తెలుగుల ఒక్కటి లేదు."

"కంప్లైంట్ ఫారం ఇంగ్లిష్‌లనే ఉంది. ఇంక తెలుగోళ్లు ఏం ఇస్తరు?"

ముకర్రం కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆపా, జర వినుండ్రి. ఆరు వందల మందికి 'మేం అబద్ధం చెప్పినం' అని పంపితే రేపు మన దగ్గర ఎవడుంటడు? ఆరుగురి జీతాలున్నయి దీని మీద. మీది గూడ. మీరు పంతులమ్మ లెక్క మాట్లాడుతున్నరు, నేను కరెంటు బిల్లు కట్టేటోన్ని. రిపోర్టుల 'సాంకేతిక అంతరాయం' అని రాసిన. పాతది తవ్వకుండ్రి."

ఆమె చాయ్ తాగకుండా లేచింది. సాయంత్రం నాలుగింటికి తెలుగు వాక్యం మార్చింది. లైన్ ఆగితే ఇకమీదట అసిస్టెంట్ ఇలా చెబుతుంది: 'నాకు ధర అందింది ఫలానా సమయానికి. ఆ తర్వాత అందలేదు. ఇప్పటి ధర నాకు తెలియదు.' ఆ 'ఫలానా' చోట మన సమయం వచ్చేలా చేయడం ముకర్రం వంతు.

ఆ సాయంత్రమే తల్లికి ఫోన్ చేసింది. బిస్మిల్లా బీ వేములవాడ బస్టాండు దగ్గర ఆకుకూరలు అమ్ముతుంది. తల్లీకూతుళ్లు మాట్లాడుకునేది దక్కనీలో.

"అమ్మీ, నువ్వు దేన్ని తాజా అంటవు?"

"ఏమైంది నీకు? ఎమ్మే చదివినవ్, తాజా తెల్వదా?"

"చెప్పు అమ్మీ."

"పొద్దుగాల వచ్చింది తాజా. నిన్నటిది బాసీ. దీనికి ఫోన్ చేసినవా?"

"నీళ్లు చల్లితే?"

"నీళ్లు చల్లిన బాసీ అయితది. మోయిజ్ గాడు ఒకనాడు నిన్నటి పాలకూరను తాజా అని అమ్మిండు. చెయ్యి మీద కొట్టిన. కొనేటోళ్లు ఆకును చూసి కొంటలేరు, నా నోటిని చూసి కొంటున్నరు అని చెప్పిన. నిన్నటిది నిన్నటిదే అని చెప్పి సగానికి అమ్ముకో, ఎవడొద్దన్నడు? ఉండు, గిరాకీ వచ్చింది."

ఫోన్ పెట్టేసింది. కాల్ రెండు నిమిషాలు నడిచింది.

ధర చెప్పే యాప్‌లో 'మాతో మాట్లాడండి' అని ఒక బటన్ ఉంది. అది నొక్కి జనం పేరు, ఫోన్ నంబరు ఇస్తే ఒక మెయిల్ పెట్టెలోకి వెళ్తాయి. ఆ పెట్టె ఎవరూ తెరవరు. నూరీన్ శనివారం తెరిచింది. అందులో పంతొమ్మిది మంది ఉన్నారు. ఆఖరిది శుక్రవారం పొద్దున 6.40ది, 2207 ఆఖరి మాటకు తొమ్మిది నిమిషాల తర్వాతిది. పేరు సారయ్య. ఊరు బెల్లంపల్లి, బొగ్గుగనుల ఊరు.

సాయంత్రం నాలుగింటికి ఆమె ఆ నంబరుకు ఫోన్ చేసింది.

"ఎవరు?"

"మీరు ఫోన్‌ల ధర అడుగుతరు గదా. దాంట్ల తెలుగు రాసేది నేను. నూరీన్ నా పేరు. కరీంనగర్ నుంచి."

"ఇన్ని రోజుల నుంచి మాట్లాడుతున్నది నువ్వేనా?"

"కాదండీ. మాట్లాడేది మిషను. మాటలు నావి."

"గదెట్ల? మాటలు నీవైతే మాట్లాడింది నువ్వే గదా."

ఆమె రేపు వస్తానని చెప్పింది. ఎందుకని అతను అడగలేదు. క్వార్టర్ నంబరు చెప్పాడు.

ఆదివారం పొద్దున కరీంనగర్‌లో బస్సెక్కి, మంచిర్యాలలో మారి, పదకొండున్నరకు బెల్లంపల్లిలో దిగింది. గని కార్మికుల కాలనీలో వరుసకు పది క్వార్టర్లు. చాలా వాటికి తాళాలు. గనులు మూసేకొద్దీ మనుషులు పోయారని ఆటో అతను చెప్పాడు. సారయ్య క్వార్టర్ ముందు అరుగు మీద పక్కింటి హనుమండ్లు కూర్చుని ఉన్నాడు. అతను కూడా గని కార్మికుడే.

"నువ్వేనా బిడ్డా గా ఫోనామె?" అన్నాడు హనుమండ్లు. "మా సారయ్య రోజు పైకి రాంగనే గోడ దిక్కు తిరిగి ముచ్చట పెడుతుంటే, గీ ముసలోడు మల్ల లగ్గం చేసుకుంటుండేమోనని కాలనీ అంత అనుకున్నం."

"నోరు మూస్కో హనుమండ్లూ" అని లోపలి నుంచి సారయ్య వచ్చాడు. కుర్చీ తెచ్చి వేశాడు. ఇంట్లో ఇంకో కుర్చీ లేదు. తను అరుగు మీద కూర్చున్నాడు.

సారయ్య వయసు అరవై ఒకటి. జనవరి 31న రిటైర్ అవుతాడు. గనిలో పంపు ఖలాసీ. ఊరే నీళ్లను పైకి తోడే మోటరు దగ్గర షిఫ్టంతా ఒక్కడే ఉంటాడు. భార్య తారాబాయి చనిపోయి రెండేళ్లు. పిల్లలు లేరు. రిటైర్ అయ్యాక వచ్చే డబ్బు తారాబాయి వైద్యానికి చేసిన అప్పులకే సరిపోతుంది. మిగిలిన దాచుడు సొమ్ముతో ఊరి చివర వెంకటి అనే అతని రెండు గదుల ఇల్లు కొనాలనుకున్నాడు. తోటి కార్మికుడొకడు చెప్పగా ఆ సొమ్మును కాయిన్‌లో పెట్టాడు. ఇల్లు ఖాయమైందన్న ధైర్యంతో రిటైర్ అయ్యే నాడే క్వార్టర్ అప్పజెప్తానని ఆఫీసులో రాసిచ్చాడు. శుక్రవారం పొద్దున 64కి అంతా అమ్మేశాడు. ఆ డబ్బు ఇంటికి చాలదని తెలిసి వెంకటి శనివారం ఇల్లు ఇంకొకరికి ఇస్తానని మాట ఇచ్చాడు.

నూరీన్ అన్నీ చెప్పింది. లైన్ ఆగింది, 'తాజా' అనే మాట తనది, సమయం తీసేసింది తను, 3.26కి అసలు ధర 109. కాగితం మీద రాసుకొచ్చినవి చదివినట్టు చెప్పింది.

సారయ్య మొత్తం విన్నాడు.

"నువ్వు గీడిదాక వచ్చి తప్పు నాదే అంటే నాకేమొస్తది బిడ్డా? ఇల్లొస్తదా?"

"రాదు."

"మరెందుకొచ్చినవ్?"

"మీకు చెప్పాలె గదా. మిషను చెప్పది."

సారయ్య తల కిందికి వేసుకున్నాడు. "నా మాటలన్ని నీకు కనవడుతయా?"

"కనవడుతయి."

"దసరా నాడు అడిగింది గూడ?"

"ఆ."

"ఒక్కనాడన్న జవాబు చెప్తే ఏమాయె?"

హనుమండ్లు బీడీ ముట్టించబోయి ఆమెను చూసి జేబులో పెట్టుకున్నాడు.

"గీనెదే తప్పు" అన్నాడు హనుమండ్లు, సారయ్యను చూపిస్తూ. "గనిలో గింత ఎరుకున్నోడు ఇంకొకడు లేడు బిడ్డా. బాయిల, గదే గనిల, సర్దార్ అని ఒకడు మాకంటే ముందుగాల దిగి గ్యాస్ చూస్తడు. చూసినంక అక్కడున్న బోర్డు మీద తారీఖు, టైం, సంతకం పెడుతడు. గది చూసినంకనే మేం లోపలికి పోతం. తొంభై ఆరుల ఒకనాడు బోర్డు మీద నిన్నటి తారీఖుంటే గీనె ముప్పై మందిని ఆపిండు. మేనేజర్ వచ్చి తిట్టినా కదలలే."

"ఆపిన" అన్నాడు సారయ్య. ఆ తర్వాత అతను చెప్పిన మాటలను నూరీన్ ఆ రోజు బస్సులో కూర్చుని రాసుకుంది. అవి ఇవి.

"బాయిల సల్లగున్నది, గ్యాస్ లేదు అంటే సరిపోదు బిడ్డా. ఎప్పుడు చూసినవ్, ఎవడివి నువ్వు, సంతకమేది అని అడగాలె. ముప్పై ఆరేండ్లు అడిగిన. పైకొచ్చి అడగలే. టైమెంత అని అడగాల్సినోన్ని, తాజానా అని అడిగిన. తాజా అన్నది, పండుకున్న. ఎందుకు అడగలే అంటే, అది మాట్లాడుతది గదా. తారాబాయి పోయినంక నాతోటి రోజు మాట్లాడేది అదొక్కటే. మాట్లాడేటోళ్లను అనుమానించబుద్ధి కాదు. నీ తప్పున్నది, నా తప్పున్నది. నువ్వు చిన్నదానివి, బతుకాల్సిన దానివి, గిది రాసుకో. చెప్పేది మనిషి గాని మిషను గాని, తెలిసింది ఎప్పుడు తెలిసిందో చెప్పాలె. తెల్వనప్పుడు తెల్వదనే చెప్పాలె. వినేటోడు, ఎంత ఒంటరోడైనా, ఎప్పటి మాట ఇది అని అడగాలె. నేనొక్కన్నే కాదు గదా అడిగింది. ఇంకెంతమంది అడిగిండ్రు?"

"ఆరు వందల పది మంది."

"వాళ్లకు చెప్పినవా?"

"లేదు."

"మరి గీడికి ముందెందుకొచ్చినవ్? వాళ్లకు జెప్పు పో."

సారయ్య ఆమెకు తినమని చెప్పాడు. పప్పు, జొన్నరొట్టె పెట్టాడు. కుర్చీలో కూర్చుని ఆమె తిన్నది. హనుమండ్లు రొట్టె గుండ్రంగా లేదని సారయ్యను ఆటపట్టించాడు. సామాను కట్టడం అప్పటికే సగమయింది. మూడింటికి ఆమె బస్సెక్కింది.

సోమవారం జనవరి 26, ఆఫీసుకు సెలవు. ఆ రోజంతా ఆమె గదిలో ఒక మెసేజ్ రాసింది. పదకొండుసార్లు రాసి కొట్టేసింది. మంగళవారం ఉదయం 10.05కి గురువారం ధర అడిగిన 611 మందికీ పంపింది. అది ఇంత మాత్రమే.

'జనవరి 22న ఉదయం 11.20 నుంచి సాయంత్రం 5.42 వరకు మాకు ధర అందలేదు. ఆ సమయంలో మీరు అడిగినప్పుడు పాత ధరనే తాజా ధర అని చెప్పాం. అది తప్పు. తెలుగు వాక్యం రాసింది నేను. ఇకపై ఏ ధర విన్నా అది ఎన్ని గంటలకు అందిందో అడగండి. చెప్పకపోతే నమ్మకండి. నూరీన్, కరీంనగర్.'

10.50కి ముకర్రం ఫోన్ చేశాడు.

"ఏం చేసిండ్రు ఆపా మీరు?"

"పంపిన."

"నన్నొక్క మాట అడగాలె గదా."

"శుక్రవారం అడిగిన. తవ్వొద్దన్నవ్."

"నేను మిమ్మల్ని ఇంక ఎట్ల పెట్టుకోవాలె చెప్పుండ్రి? పార్టనర్లు నన్ను బతకనిస్తరా?"

"పెట్టుకోకు ముకర్రం. టైం మాత్రం పెట్టు వాక్యంల. బాకీ అన్నవ్ గదా."

11.15కి కంపెనీ కంప్యూటర్లలోకి ఆమె ప్రవేశం ఆగిపోయింది. నెలాఖరు దాకా జీతం ఇచ్చారు. ఆ సాయంత్రం వరకు 611 మందిలో 204 మంది మెసేజ్ తెరిచినట్టు కంపెనీ రికార్డులో ఉంది. పదిహేడు మంది తిరిగి రాశారు. ముగ్గురు తిట్టారు. ముగ్గురు డబ్బు తిరిగి ఇస్తారా అని అడిగారు. మిగిలిన పదకొండు మంది ఇప్పుడు ధర ఎంత అని అడిగారు.

ముకర్రం ఫిబ్రవరి 2న తెలుగు వాక్యంలో సమయం పెట్టాడు. భారత కాలమానంలోనే పెట్టాడు.

జనవరి 31, శనివారం. మధ్యాహ్నం ఒంటి గంటకు గని ఆవరణలో సారయ్యకు శాలువా కప్పారు, దండ వేశారు, ఫొటో తీశారు. అతన్ని మాట్లాడమన్నారు. "అందరు మంచిగుండుండ్రి" అని కూర్చున్నాడు. నాలుగింటికి ఒక ట్రంకు పెట్టె, గ్యాస్ పొయ్యి, మూడు సంచులు ఆటోలో ఎక్కించాడు. ఎటు పోతున్నవని హనుమండ్లు అడిగాడు. జర కుదురుకున్నంక ఫోన్ చేస్త అన్నాడు.

క్వార్టర్ తాళం 4.20కి ఎస్టేట్ ఆఫీసులో అప్పజెప్పాడు. ఫారంలో సాక్షి సంతకం హనుమండ్లుది. పేరు, ఉద్యోగం, క్వార్టర్ నంబరు, ఖాళీ చేసిన తేదీ, సమయం సారయ్య సొంత చేతితో రాశాడు. 'ఇకపై చిరునామా' అన్న గడిలో ఏమీ రాయలేదు.